మేఘాధిపతీ, మిల్లీమీటర్లూ

చిత్త, స్వాతి, విశాఖ. అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మూడో వారం దాకా నడిచే ఈ మూడు కార్తెల్లో కృష్ణా, గోదావరి డెల్టా రైతుకు కంటి మీద కునుకుండదు. సార్వా వరి గింజ గట్టిపడి కోతకొచ్చే కాలం. కోసి పనలు చేలో ఉండగా వాన పడిందా, గింజ మొలకెత్తుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి తడిసిన పనల మీద చల్లుకుంటూ తిరగాలి. పోనీ కోయకుండా ఆగితే, గాలికి చేను పడిపోయి నీళ్లలో నానుతుంది. ఇంత బరువైన నిర్ణయానికి కూడా కొన్ని ఇళ్లలో ముందు తిరగేసేది పంచాంగాన్నే.

పంచాంగం వానల సంగతి ఎలా తేలుస్తుందో చూద్దాం. ఉగాదినాడు గుడి మంటపంలో చదివే నవనాయకుల్లో మేఘాధిపతి ఒకరు. జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆరుద్రలో ప్రవేశిస్తాడు కదా, ఆ రోజు ఏ వారమైతే ఆ వారానికి చెందిన గ్రహమే ఆ ఏటి మేఘాధిపతి. శుభగ్రహమైతే మంచి వానలు, పాపగ్రహమైతే కొరత. లెక్క అంతే. ఏడు రోజుల వారం మనుషులు తమ సౌకర్యానికి పెట్టుకున్నది. బంగాళాఖాతానికి ఆదివారం సెలవేమీ లేదు. పైగా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే అనంతపురానికీ, దానికి దాదాపు రెట్టింపు కురిసే శ్రీకాకుళానికీ అదే మేఘాధిపతి.

కార్తెల మీద మాత్రం నాకు చిన్నచూపు లేదు. తిథులు చంద్రుడితో నడిస్తే కార్తెలు సూర్యుడితో నడుస్తాయి. అందుకే ఏ పదమూడు, పద్నాలుగు రోజుల్లో మామూలుగా ఏ పని చేయాలో గుర్తుపెట్టుకోవడానికి అవి పనికొచ్చాయి. క్యాలెండరు లేని రోజుల్లో అది గట్టి తెలివి. అయితే వాటి కొలబద్ద నక్షత్రాలు, రుతువుల కొలబద్ద అయనాలు. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకుంటూ ఉండటం వల్ల ఈ రెంటి మధ్యా సుమారు 72 ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి కాలంలో మకర సంక్రమణం, నిజమైన ఉత్తరాయణం దాదాపు కలిసే వచ్చేవి. ఇప్పుడు ఉత్తరాయణం డిసెంబరు 21 ప్రాంతంలో, మకర సంక్రమణం జనవరి 14 ప్రాంతంలో. అంటే ఆయన నాటి నక్షత్ర ఫలితాలను నేటికి అన్వయించేవాళ్లు మూడు వారాల పైచిలుకు పక్కకు చూస్తున్నారు. చిత్రమేమిటంటే, పాత శాస్త్రాల్లో చెప్పిన అయనం తన కాలానికి కుదరడం లేదని, కళ్లతో పరీక్షించి తేల్చుకోవాలని బృహత్సంహితలో రాసింది ఆయనే. ఆయన పేరు చెప్పుకునేవాళ్లు ఆ ఒక్క మాటనే పక్కన పెట్టారు.

మన శరత్తు అసలు స్వభావమే మార్పు. నైరుతి వెనక్కి మళ్లుతుంది, అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు కోస్తాకు, రాయలసీమకు వస్తాయి. ఆ సంధికాలంలో సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, కింది గాలులకూ పై గాలులకూ మధ్య తేడా తగ్గుతుంది. అల్పపీడనం తుపానుగా ముదరడానికి అంతకన్నా అనువైన అదను లేదు. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళాన్ని తిత్లీ కొట్టింది ఈ అదనులోనే. ఎల్‌నినో ఏడాది నైరుతి చిక్కిపోయే అవకాశం ఎక్కువ. అదే ఎల్‌నినో ఈశాన్యానికి తరచూ కలిసొస్తుంది. ఒకే ఏడాది మహబూబ్‌నగర్‌కు కరువు, నెల్లూరుకు వరద రావచ్చు. ఏడాది మొత్తానికి ఒకే అధిపతిని నిలబెట్టే పద్ధతిలో దీనికి చోటెక్కడ?

నమ్మకం ఎలా పుడుతుందో ఇక్కడే ఒకటి పుట్టించి చూపిస్తాను. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య జలాశయం కట్ట తెగింది 2021 నవంబరు 19న. విశాఖ వెళ్లి అనూరాధ వచ్చే సంధి అది! ఒళ్లు జలదరించిందా? ఈ రెంటి మధ్యా నలభై మూడు నవంబరు పంతొమ్మిదులు వచ్చి వెళ్లాయి. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. నిజమైనవి కథలవుతాయి, తప్పినవి లెక్కలోకే రావు.

వాతావరణ శాఖా తప్పుతుంది. వాన పడుతుందన్న రోజు ఎండ కాస్తే టీ కొట్టు దగ్గర వేళాకోళాలు మనకు కొత్త కాదు. కాకపోతే ఆ శాఖ తన తుపాను అంచనాలు ఎన్ని కిలోమీటర్లు గురి తప్పాయో తానే లెక్కగట్టి ప్రచురిస్తుంది. ఒక రోజు ముందు చెప్పే మార్గంలో ఆ తేడా ఇప్పుడు సగటున వంద కిలోమీటర్ల లోపే. దివిసీమలో పది వేల మందికి పైగా పోయారు. హుద్‌హుద్‌కు ముందే లక్షల మందిని తీరం నుంచి తరలించగలిగారు. ఆంధ్రలో మృతులు వంద లోపే. కాపాడింది ఉపగ్రహం, విశాఖ, మచిలీపట్నం రాడార్లు, తలుపు తట్టి జనాన్ని లేపిన గ్రామ సిబ్బంది.

పంచాంగకర్తలను నేను కోరేది పెద్దదేమీ కాదు. వచ్చే ఉగాదికి వానను కుంచాల్లో కొలిచే లెక్క, సముద్రం మీద ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని అనే లెక్క మానేసి జిల్లా, పక్షం, మిల్లీమీటర్లు అచ్చు వేయండి. డిసెంబరు చివర్లో వర్షమాపకం అంకెలు పక్కన పెట్టి, అదే మంటపంలో, అంతే గట్టిగా చదవండి.