విరిగిన కుర్చీకి బిల్లెవరు కట్టాలి?

సినిమాలో హీరోగారు ఫైటింగు మొదలెట్టారంటే చాలు, రౌడీల వీపుల మీద పది కుర్చీలు, నాలుగు బల్లలు ముక్కలైపోతాయి. ఆ డబ్బులెవరిస్తారని మనం ఏనాడైనా అడిగామా? అడగం. అవి విరగడానికే పుట్టిన కుర్చీలు మరి! తేలికపాటి చెక్కతో ఆర్టు డిపార్టుమెంటు వారు చేయించి ఇస్తారు. ఖర్చు నిర్మాతది.

మన ఇళ్ళలో నిర్మాత ఉండడు. అదీ చిక్కు!

మంచిర్యాల పక్కన శ్రీరాంపూర్ ఉంది. సింగరేణి బొగ్గుగనుల ఊరు, 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అక్కడ మా మిత్రుడి క్వార్టర్లో ఈమధ్య ఈ తంటానే చూశాను. ఆయన నైట్ షిఫ్టు దిగి లోపల నిద్రపోతున్నాడు. తమ్ముడి స్నేహితుడొకడు ముందుగదిలో టేకు కుర్చీలో కూర్చుని, సినిమా కబుర్ల హుషారులో వెనక కాళ్ళ మీద ఊగడం మొదలెట్టాడు. ఫట్! కుర్చీ కాలు విరిగింది, కుర్రాడు కింద పడ్డాడు.

ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. "దెబ్బ తాకిందా తమ్మీ? కుర్చీదేమున్నది, పోనియ్" అంది.

"సరె వదినా" అని చాయ్ తాగి వెళ్ళిపోయాడు ఆ మహానుభావుడు!

అతను వెళ్ళాక ఆవిడ విరిగిన కాలు చేతిలోకి తీసుకుని, "మా బాపు పెండ్లిల పెట్టిండు" అంది మెల్లగా. మరిది, "వాణ్ణి పైసలడగనా?" అంటే, "ఇంటికొచ్చినోన్ని పైసలడుగుతరా?" అని కసిరింది.

ఏమంటారు? ఎవరు కట్టాలి?

కుర్చీలోనే లోపముంటే ఇంటివారిదే భారం. 1957లో వచ్చిన 'మాయాబజార్' గుర్తుందిగా? విడిదింట్లో గింబళి, గిల్పం కలిసి శర్మా శాస్త్రులను, అంటే వంగరనూ అల్లు రామలింగయ్యనూ, నానా తిప్పలు పెట్టాయి. అక్కడ ఏం విరిగినా ఘటోత్కచుడి పద్దులోనే రాయాలి! పుచ్చిన కుర్చీ అని తెలిసీ చుట్టాన్ని కూర్చోబెడితే న్యాయం అదే.

కాని గట్టి కుర్చీని ఊపి విరిచినవాడు తప్పించుకోకూడదు. "పోనియ్" అనడం ఇంటివారి మర్యాద. దాన్ని డబ్బు ముట్టినట్టు రసీదు అనుకుంటే ఎలా? అలాగని నోట్లు చేతిలో పెట్టబోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. మర్నాడు వడ్లాయన్ని వెంటబెట్టుకు రావాలి. జేబులో డబ్బుల్లేవా? కుర్చీ భుజాన వేసుకుని వడ్లాయన దగ్గరికి మోసుకెళ్ళి, కూలి సంగతి తర్వాత చూసుకుంటానని ఒప్పించుకోవాలి.

ఇంటివారికీ ఓ మాట. కాలు విరిగితే కాలు బాగుచేయించుకోవాలిగాని, పాత కుర్చీకి కొత్త సోఫాసెట్టు ఆశించకూడదు. ఆ కుర్రాడు కనబడ్డప్పుడల్లా ఎత్తిపొడవనూ కూడదు.

ఎవరింట్లోనైనా సినిమా కబుర్లలో పడ్డప్పుడు కుర్చీ నాలుగు కాళ్ళూ నేల మీదే ఉంచండి బాబూ! మీకు డూపు లేడు, ఆ కుర్చీకి నిర్మాత లేడు.