ఒక్క నిమిషం నాన్నా!

మా పాపకి నాలుగేళ్లు. ఈమధ్య ఏ పనైనా "నేనే చేస్తా" అంటోంది. మొన్నొక ఆదివారం చర్చికి బయల్దేరుతున్నాం. తొమ్మిదిన్నర దాటింది, పదింటికి ఆరాధన. నేను స్కూటర్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డా. పాప కింద కూర్చుని శాండిల్స్ బకిల్‌తో కుస్తీ పడుతోంది. "ఒక్క నిమిషం నాన్నా, అయిపోయింది" అంది. అవలేదు. చెప్పు లాక్కుని, గట్టిగా అరిచి, వీపు మీద ఒకటి వేశాను. చర్చికి వేళకే చేరాం. దారంతా పాప ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పాప వంతు వచ్చింది. రోజూ అయితే అమ్మమ్మ గురించీ, కింది ఫ్లాట్ వాళ్ల కుక్కపిల్ల గురించీ చెబుతుంది. ఆ రోజు మాత్రం, "యేసయ్యా, నేను చెప్పులు ఫాస్ట్‌గా వేసుకోవాలి. నాన్నకి కోపం రాకూడదు" అంది. నాకు ఆమెన్ అనడానికి గొంతు రాలేదు.

ఎందుకంటే, రెండు రోజుల ముందే ఇలాంటి మాట నేనూ అన్నాను. శుక్రవారానికి ఇవ్వాల్సిన కోడ్ పూర్తి కాలేదు. తప్పు నాదే, ఒక బగ్‌ని తేలిగ్గా తీసుకున్నా. మేనేజర్‌కి ఫోన్ చేసి, "కొంచెం టైమ్ ఇవ్వండి సార్, చేసేస్తా" అని బతిమాలాను. ఆయన చిరాకు పడలేదు. "సరే, సోమవారం ఇచ్చెయ్" అన్నారు. నాకు సోమవారం దాకా గడువు దొరికింది. నా బిడ్డకి నేను నిమిషం ఇవ్వలేకపోయాను.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకడు రాజుకి 10,000 తలాంతులు బాకీ. కొంచెం ఓపిక పట్టమని వేడుకుంటే రాజు అప్పంతా మాఫీ చేశాడు. బయటికి రాగానే వాడు తనకి 100 దేనారాలు బాకీ ఉన్న తోటి పనివాడి గొంతు పట్టుకున్నాడు. ఆ రోజుల్లో దేనారం ఒక కూలి రోజు సంపాదన. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. లెక్క కట్టి చూశాను. ఒకడి అప్పు మూడు నెలల కూలి. ఇంకొకడిది లక్షన్నర ఏళ్లకి పైగా కూలి! అసలు కిటుకు ఇంకోటుంది. ఇద్దరూ వేడుకున్నది దాదాపు ఒకే మాటతో. తన నోటి మాటే ఎదుటివాడి నోట వింటే వాడు గుర్తుపట్టలేదు. ఇన్నాళ్లూ ఆ పనివాడు ఇంకెవరో అనుకున్నా.

మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడు పాపకి సారీ చెప్పానన్నాను. "పిల్లల దగ్గర అంత తగ్గితే లోకువైపోతావురా" అంది. అమ్మ భయం నాకు అర్థమైంది. సండే స్కూల్లో మాకు ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనం కంఠతా పట్టించారు, పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలని. నాలుగో వచనం ఎవరూ పట్టించలేదు. అది తండ్రులకి రాసింది. పిల్లల్ని క్రమశిక్షణలో పెంచమంటుంది గానీ, వాళ్లకి కోపం పుట్టించొద్దంటుంది. కనికరం అంటే గారాబం కాదు. రోడ్డు దాటేటప్పుడు పాప నా చెయ్యి వదిలితే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ బకిల్ రాకపోవడం తప్పు కాదు, చిన్నతనం. తప్పుకి దిద్దుబాటు కావాలి. చిన్నతనానికి కావాల్సింది టైమ్.

అందుకే ఇప్పుడు ఆదివారం 20 నిమిషాలు ముందు లేస్తున్నాను. నా ఓపికలో సగం అలారంలోనే ఉందని తెలిసింది! మిగతా సగం కోసం ప్రార్థిస్తున్నా. అది అంత తేలిగ్గా రావడం లేదు. బుధవారం అన్నం దగ్గర మళ్లీ అరిచాను, మళ్లీ సారీ చెప్పాను.

నిన్న ఆదివారం పాప శాండిల్స్ తనే వేసుకుంది. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. నా చెయ్యి ముందుకు వెళ్లబోయింది, ఆపుకున్నా. లిఫ్ట్ దాకా నడిచి, కిందికి చూసుకుని, "నాన్నా, తిరగేసి వేసుకున్నా... ఒక్క నిమిషం" అంది.

లిఫ్ట్ వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.