మన పెరటి తోట: గోరింటకు చుట్టమైన ‘హెదర్’

స్కాట్లాండు కొండలను ఊదారంగుతో కప్పివేసే హెదర్ మొక్క చల్లని వాతావరణాన్ని, ఆమ్లగుణం గల నేలను కోరుతుంది. మన ఉసూర్ ప్రాంతపు వేసవికి అది తాళలేదు. అందుకు నిరుత్సాహపడనవసరం లేదు. ‘మెక్సికన్ హెదర్’ అని పిలువబడే కూఫియా ఇచ్చట పెంచుటకు అనువైనది. ఇది నిజమైన హెదర్ కాదు. మన గోరింట కుటుంబానికి చెందినది. సాధారణంగా రెండడుగులకు మించి పెరగదు. ఏడాదిలో అధిక కాలం చిన్నచిన్న ఊదా పూలు పూస్తుంది.

తొలకరిలో నాలుగంగుళాల లేత కొమ్మలను నాటితే సులభంగా వేరూనుతాయి. బస్తరు వర్షాలకు వేళ్ళు కుళ్ళకుండా మడిని ఎత్తుగా కట్టి, మట్టిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలపాలి. వేసవిలో మధ్యాహ్నపు నీడ, ఉదయం తడి అవసరం. పూత తగ్గగానే కొసలు కత్తిరించాలి. నర్సరీలో ‘హెదర్’ అన్న పేరును మాత్రమే నమ్మక, కూఫియా అని అడిగి తీసుకొనండి.