బండి అమ్మితే చాలదు, బాగోగులూ చూడాలి

పెనుకొండ: జాతీయ రహదారి మీద ఎర్రమంచి దగ్గరకు వచ్చేసరికి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారి తలలు ఒకసారి అటు తిరగక మానవు. ఒకప్పుడు వానదేవుణ్ణి నమ్ముకుని సెనక్కాయ వేసిన మెట్టసీమలో నేడు కార్ల కర్మాగారం నిలబడి ఉంది. కొత్త కార్లను మోసుకుని పొడవాటి లారీలు ఒకదాని వెనుక ఒకటి గేటు దాటుతుంటాయి. కియా అన్న పేరు చుట్టుపక్కల పల్లెల్లో పలక పట్టిన పిల్లవాడికి కూడా తెలుసు.

అయితే ఆ కంపెనీ ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్లు పడి లేచింది, దాని కార్లు కొన్నవారు దేశదేశాలలో ఏమనుకుంటున్నారు అన్న సంగతి తెలిసినవారు తక్కువ. భూమి ఇచ్చిన ప్రాంతం, నీరు ఇచ్చిన ప్రాంతం ఆ సంగతి తెలుసుకోవడం మంచిది. తాను అమ్మిన వస్తువుకు తాను పూచీ పడినప్పుడల్లా ఆ కంపెనీ బాగుపడింది. పూచీ మరచినప్పుడల్లా తలవంపులు తెచ్చుకుంది. దాని ఎనభై ఏళ్ల చరిత్రలో తేలిన నిజం ఇదే.

సైకిలుతో మొదలు

కియా పుట్టింది కార్ల కంపెనీగా కాదు. కొరియా దేశం ఇంకా జపాను ఏలుబడిలో ఉన్న 1944లో కిమ్ చుల్ హో అనే ఆయన సియోల్‌లో ఇనుప గొట్టాలు, సైకిలు భాగాలు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టాడు. 1950లో కొరియా యుద్ధం వచ్చిపడింది. కార్ఖానా దక్షిణాన ఉన్న బుసాన్ రేవు పట్టణానికి తరలిపోయింది. యుద్ధం ఇంకా ముగియకముందే, 1952లో, అక్కడ నుంచే ఆ దేశపు మొదటి స్వదేశీ సైకిలు బయటకు వచ్చింది. కంపెనీ కియా అన్న పేరు పెట్టుకున్నది కూడా ఆ ఏడాదే. ఆసియా నుంచి పైకి లేవడం అని ఆ పేరుకు అర్థం చెబుతారు.

తర్వాత జపాను కంపెనీల దగ్గర పని నేర్చుకుని మోటారు సైకిళ్లు చేసింది. 1962లో మూడు చక్రాల చిన్న లారీ చేసింది. 1973లో సోహరి అనే చోట పెద్ద కర్మాగారం కట్టి, మరుసటి ఏడాది బ్రిసా అనే కారును తెచ్చింది. దాని నమూనా జపాను మాజ్డా కంపెనీది. రెండు చక్రాలు, మూడు చక్రాలు, ఆ పైన నాలుగు చక్రాలు. ఒక్కొక్క మెట్టే ఎక్కింది. ఇతరుల దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు, నేర్చుకున్నదానితో ఆగిపోలేదు.

వ్యాను కాపాడింది

1981లో కొరియాను ఏలుతున్న సైనిక ప్రభుత్వం ఒక ఉత్తర్వు చేసింది. కార్ల కంపెనీలు ఎక్కువై ఒకదాన్ని ఒకటి దెబ్బతీసుకుంటున్నాయని, ఎవరు ఏమి తయారుచేయాలో తానే పంచిపెట్టింది. కియా వంతుకు చిన్న లారీలు, వ్యాన్లు వచ్చాయి. కార్లు చేయరాదన్నారు. ఆరు ఏడు సంవత్సరాల కష్టం ఒక్క కలంపోటుతో పోయింది.

కంపెనీ మూతపడుతుందని చాలామంది అనుకున్నారు. అప్పుడు దాన్ని నిలబెట్టింది బోంగో అనే వ్యాను. కూరగాయల వ్యాపారి నుంచి బడిపిల్లల వరకు అందరికీ పనికివచ్చే బండి కావడంతో కొరియాలో విపరీతంగా అమ్ముడుపోయింది. అక్కడ ఏ వ్యానునైనా బోంగో అని పిలిచేంతగా ఆ పేరు జనం నోట నానిపోయింది. నిషేధం తొలగిన తర్వాత, 1987 నాటికి, ప్రైడ్ అనే చిన్న కారుతో కియా మళ్లీ కార్ల బజారుకు వచ్చింది. ఆ కారు నమూనా మాజ్డా వారిది, తయారీ కియాది, అమెరికాలో అమ్మింది ఫోర్డు కంపెనీ. ఇరాన్ దేశంలో ఆ బండి 2020 దాకా తయారవుతూనే వచ్చింది.

అప్పు ముంచింది

నిలదొక్కుకున్న కంపెనీ తాహతుకు మించి చేతులు చాపింది. అప్పు మీద అప్పు చేసింది. 1997లో ఆసియా దేశాలను ఆర్థిక సంక్షోభం చుట్టుముట్టినప్పుడు కియా చేతులెత్తేసింది. 1998లో దాని 51 శాతం వాటాను సాటి కొరియా కంపెనీ హ్యుందాయ్ కొనుక్కున్నది. ఆ ఏడాదే హ్యుందాయ్ మద్రాసు సమీపంలో శాంత్రో కారు తయారీ మొదలుపెట్టడం గమనార్హం. ఇరవై ఏళ్ల తర్వాత కియా పెనుకొండకు రావడానికి దారి పడింది అప్పుడేనని చెప్పవచ్చు. నేటికీ ఆ రెండు కంపెనీల కార్లలో ఇంజన్లు, అడుగుభాగాలు చాలావరకు ఉమ్మడివే. రేకు వేరు, పేరు వేరు.

కొన్నవారి తీర్పు

కియా 1994లో అమెరికాలో కార్ల అమ్మకం మొదలుపెట్టింది. తక్కువ ధర చూసి జనం కొన్నారు. కొన్నాక పెదవి విరిచారు. బండి వాడినవారిని అడిగి ఏటేటా మార్కులు వేసే జె.డి.పవర్ అనే సంస్థ జాబితాలో తొలి సంవత్సరాలలో కియా స్థానం కింది వరుసల్లోనే ఉండేది. పైన పటారం, లోన లొటారం అన్న పేరు పడింది.

హ్యుందాయ్ చేతికి వచ్చాక కంపెనీ ఒక సాహసం చేసింది. ఇంజను, గేరుపెట్టె వంటి ముఖ్యభాగాలకు పదేళ్లు లేదా లక్ష మైళ్లు, అంటే మన లెక్కలో సుమారు 1 లక్షా 60 వేల కిలోమీటర్లు, తానే పూచీ అని అమెరికాలో మాట ఇచ్చింది. ఐరోపాలో ఏడేళ్ల పూచీ ఇచ్చింది. ఇది దానం కాదు. పదేళ్ల పాటు చెడిన బండిని సొంత ఖర్చుతో బాగుచేయాలంటే, చెడని బండిని తయారుచేయడమే కంపెనీకి లాభం. కొనుగోలుదారుకు ఇచ్చిన మాటే కంపెనీ మెడ మీద కత్తి అయి కూర్చున్నది.

ఫలితం కనిపించింది. 2006లో పీటర్ ష్రయర్ అనే జర్మను నిపుణుణ్ణి తెచ్చి కార్ల రూపురేఖలు మార్చారు. కొత్త కారు కొన్న తొలి మూడు నెలల్లో వచ్చే ఫిర్యాదులను లెక్కపెట్టే జె.డి.పవర్ సర్వేలో 2016లో కియా అన్ని కంపెనీలను మించి మొదటి స్థానంలో నిలిచింది. మూడేళ్లు వాడిన కార్ల మీద జరిపిన సర్వేలో 2022లో మళ్లీ మొదటిది అయింది. టెల్యురైడ్ అనే పెద్ద కారు 2020లోను, ఇ.వి.9 అనే విద్యుత్ కారు 2024లోను ప్రపంచ ఉత్తమ కారు బహుమతి గెలుచుకున్నాయి. పాతికేళ్ల క్రితం నవ్వినవారే నేడు మెచ్చుకుంటున్నారు.

మచ్చలు లేకపోలేదు

అలాగని అంతా పూలబాట కాదు. కొన్ని ఇంజన్లు దారిలోనే పట్టేయడం, మంటలు రావడం వంటి ఫిర్యాదులు అమెరికాలో ఏళ్ల తరబడి వచ్చాయి. లోపమున్న బండ్లను వెనక్కు పిలిపించడంలో జాగు చేసిందన్న ఆరోపణ మీద అక్కడి ప్రభుత్వ సంస్థతో 2020లో 7 కోట్ల డాలర్ల జరిమానాకు కియా ఒప్పుకోవలసి వచ్చింది.

మరొకటి ఇంకా తలవంపు. ఖర్చు కలిసివస్తుందని, సొంత తాళంచెవి కాకుంటే ఇంజను కదలకుండా ఆపే చిన్న ఎలక్ట్రానిక్ పరికరాన్ని అమెరికాలో అనేక రకాల కార్లకు పెట్టలేదు. ఆ కిటుకు కుర్రకారుకు తెలిసిపోయి 2021 తర్వాత కార్ల దొంగతనాలు ఊళ్లకు ఊళ్లను వణికించాయి. హ్యుందాయ్, కియా కలిసి 2023లో సుమారు 20 కోట్ల డాలర్లతో యజమానులతో రాజీకి వచ్చాయి. తయారీలో మిగుల్చుకున్న పైసలకు పరువు కూడా జోడించి చెల్లించవలసి వచ్చిందన్నమాట.

ఎర్రమంచి సంగతి

రాష్ట్ర ప్రభుత్వంతో 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలలో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే శక్తితో కర్మాగారం లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ బజారుకు వచ్చింది. అదే డిసెంబరు 5న కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. తర్వాత సోనెట్, కారెన్స్, సైరోస్ వచ్చాయి. 2023 జులై నాటికి ఇక్కడ తయారైన కార్లు 10 లక్షలు దాటాయి. ఈ లోగా జిల్లా పేరు కూడా మారింది. 2022 నుంచి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ఈ కార్లు వాడేవారి మాట ఇక్కడా రెండు రకాలుగా ఉంది. రూపం బాగుందని, ఇచ్చిన డబ్బుకు హంగులు ఎక్కువని, డీజిలు బండి మైలేజీ బాగా ఇస్తుందని మెచ్చేవారు ఎక్కువమంది. రాయలసీమ ఎండలకు చల్లగాలి వచ్చే సీట్లు పెద్ద సుఖం అంటారు. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లడానికి మూడు వరుసల కారెన్స్ అనువుగా ఉందంటారు. గతుకుల దారిలో సెల్టోస్ కుదుపు ఎక్కువని, పెద్ద పెద్ద తెరలు పెట్టినవారు రక్షణకు అంత శ్రద్ధ పెట్టలేదని అనేవారూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్దించి చూసిన పరీక్షలో 2020లో సెల్టోస్‌కు అయిదు నక్షత్రాలకు మూడే వచ్చాయి. 2022లో కారెన్స్‌కూ మూడే. జనం మందలించాక మార్పు వచ్చింది. 2025లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో సైరోస్ అయిదుకు అయిదు తెచ్చుకున్నది. అడిగితే తప్ప అమ్మ అయినా పెట్టదన్న సామెత ఇక్కడ రుజువైంది.

పల్లెకు అందని కబురు

ఒక ముఖ్య విషయం మాత్రం ఎవరి దృష్టికీ రావడం లేదు. 2022 అక్టోబరులో 44,174 కారెన్స్ కార్లను కంపెనీ వెనక్కు పిలిపించింది. ప్రమాదంలో ప్రాణం కాపాడే గాలిసంచుల సాఫ్టువేరును పరీక్షించి ఉచితంగా సరిచేస్తామన్నది. మంచిదే. కాని ఆ కబురు చేరేది కారు మొదట కొన్నవారి ఫోనుకు. పల్లెల్లో తిరిగే కార్లలో చాలా భాగం చేతులు మారినవి. బెంగుళూరులో మూడేళ్లు నడిచిన బండిని తక్కువ ధరకు తెచ్చుకున్న రైతు ఫోను నంబరు కంపెనీ పుస్తకంలో ఉండదు. లోపం ఉన్నదన్న సంగతి కూడా తెలియకుండా ఆ బండిలో పెళ్లాం పిల్లలను ఎక్కించుకుని తిరుగుతుంటాడు. ఇది ఒక్క కియా సమస్య కాదు, అన్ని కంపెనీలదీ ఇదే తీరు. అయినా ఇక్కడి నేల మీద నిలబడిన కంపెనీ ముందు దారి చూపితే మిగిలినవి వెంట నడుస్తాయి. లోపం కనిపించినప్పుడు తెలుగులో ప్రకటన వేయాలి. రవాణా కార్యాలయంలోని పేర్ల ప్రకారం నేటి యజమానికి కబురు పంపాలి. కంపెనీ వర్క్‌షాపులు పట్టణాలకే పరిమితం కాకుండా నెలకొకసారైనా మండల కేంద్రానికి మెకానిక్కును పంపాలి. సెకండ్ హాండ్ బండి కొనేవారు కూడా బండి నంబరుతో వర్క్‌షాపులో ఒకసారి విచారించుకోవడం మరువరాదు.

నేల అడిగే లెక్క

కారు కొన్నవారికి పూచీ పడినట్లే, చోటు ఇచ్చినవారికీ పూచీ పడాలి. కరువుసీమకు హంద్రీ-నీవా ద్వారా వచ్చిన నీరు గొల్లపల్లి జలాశయం నుంచి ఈ కర్మాగారానికి అందుతున్నది. చెరువు నిండక బెంగుళూరు వలసపోయిన కుటుంబాలున్న ప్రాంతం అది. కర్మాగారం వచ్చాక పెనుకొండలో అద్దెలు పెరిగాయి, కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి, అనుబంధ పరిశ్రమలు వచ్చాయి, వేలమందికి పని దొరికింది. ఇవి కాదనలేనివి. అయితే పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అంటూ 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ లెక్కలో ఎంతమంది గేటు దగ్గర కాపలాకు, ఎంతమంది మరమనుషులను నడిపే పనికి అన్నది వేరుగా చెబితేనే జనానికి అసలు సంగతి అర్థమవుతుంది. కాపలా పనీ గౌరవమైన పనే. కాని సైకిలు గొట్టంతో మొదలుపెట్టి ఇంజను దాకా నేర్చుకున్న కంపెనీకి, నేర్చుకునే అవకాశం విలువ ఎంతో ఒకరు చెప్పవలసిన పని లేదు.

కనుక ఏ పనిలో స్థానికులు ఎందరున్నారో ఏటా ప్రభుత్వం ప్రకటించాలి. చుట్టుపక్కల ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్‌లలో ఈ కర్మాగారానికి కావలసిన చదువు చెప్పించాలి. భూమి ఇచ్చిన రైతు కొడుకు కారు కడిగేవాడుగా మిగలకుండా, కారు గీసేవాడు కావడానికి దారి ఉండాలి.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్న తీరు ఏ కంపెనీకీ చివరికి కలిసిరాదు. అది ఇతరులు చెప్పవలసిన మాట కాదు. పదేళ్ల పూచీతో పేరు తెచ్చుకుని, చిన్న పరికరం పెట్టక పేరు పోగొట్టుకున్న కియా చరిత్రే చెబుతున్నది. ఎర్రమంచి గేటు నుంచి బయటకు వెళ్లే ప్రతి కారు వెంట ఆ పూచీ కూడా వెళ్లాలని, గేటు ఇవతల ఉన్న పల్లెలకు కూడా అది అందాలని ఈ ప్రాంత ప్రజలు కోరడంలో తప్పేమీ లేదు.