లోపమా, దెబ్బా? ముందు అది తేల్చుకో తమ్ముడూ!

మొన్న గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతుంటే మా చిన్నాన్న కొడుకు జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒక పక్క అంచు ఎలుక కొరికినట్టుంది. "అన్నా, గిది మూడు లక్షలకు పోతదన్నరు. పైసలు గూడ కట్టిన" అన్నాడు, తల దించుకుని.

వీడియో చూసి ఎవరికో ఫొటో పంపాడట. అవతలివాడు మూడు లక్షలు ఖాయమన్నాడు. రిజిస్ట్రేషన్ కింద 1,850 రూపాయలు, తర్వాత ట్యాక్స్ పేరుతో 9,500 వేయించుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ స్విచ్ఛాఫ్. మొత్తం 11,350 రూపాయలు. అది బాయి పని చేసి రిటైరైన వాళ్ల నాయన పింఛను సొమ్ము. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఆ బిళ్లను మా పెద్దనాన్నకు చూపించాం. ఏరియా వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి దిగిపోయిన మనిషి. అద్దాలు పెట్టుకుని ఒక్కటే అడిగాడు: "ఎంతకు పోతదనుడు తర్వాత బిడ్డా. గిది మిషిన్ల ఎట్లయితదో చెప్పు." మావాడి దగ్గర జవాబు లేదు. వాడు చదివింది ఐటీఐ ఫిట్టరే!

నా బాధంతా అక్కడే. నాణేలు సేకరించడం తప్పు కాదు, మంచి అలవాటు. కానీ డై, ప్రెస్, ఫైల్ అంటే ఏమిటో తెలిసిన పిల్లలు కూడా ఆ చదువును పక్కనపెట్టి, ముక్కూమొహం తెలియనివాడు చెప్పిన ధరను నమ్ముతున్నారు. ధర తెలియకపోయినా నష్టం లేదు. తయారీ తెలియకపోతేనే మోసపోతాం.

నాణెం పుట్టుక పెద్ద రహస్యమేమీ కాదు. లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. ఒక యంత్రం వాటికి అంచు ఎత్తుతుంది. తర్వాత రెండు డైల మధ్య పెట్టి ఒక్క దెబ్బతో రెండు వైపులా బొమ్మలు అచ్చేస్తారు. ఈ దారిలో ఎక్కడ తప్పు జరిగినా అది టంకశాల లోపం. సేకరించేవాళ్లకు కావాల్సింది అదే. బయటికొచ్చాక జరిగినదంతా ఉత్త దెబ్బ.

మావాడి బిళ్లనే తీసుకోండి. రేకు కోసేటప్పుడు పక్క రంధ్రం మీద కోత పడితే నిజంగానే చంద్రవంక కొరుకు వస్తుంది. అయితే అంచు ఎత్తే యంత్రంలో కొరుకు ఉన్నచోట ఒత్తిడి ఉండదు కాబట్టి, దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా సాధారణంగా పలచబడుతుంది. మావాడి బిళ్లకు ఎదుటి అంచు నిండుగా ఉంది. కొరుకు దగ్గర ఆకురాయి గీతలు కనబడుతున్నాయి. పెద్దనాన్నకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఇలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. నాణెం మీద అదనపు గీత ఉబ్బెత్తుగా ఉంటే డైలో పగులు వచ్చిందని అర్థం. లోపలికి దిగి ఉంటే అది గీసుకుపోయిన గీత. అక్షరాలు రెండుసార్లు కనబడితే భూతద్దంతో చూడండి. రెండో అక్షరం మెట్టులా చదునుగా ఉంటే అచ్చు పడేటప్పుడు డై కొంచెం కదిలిందంతే. అది మామూలే, ధర రాదు. రెండు అక్షరాలూ గుండ్రంగా, నిండుగా, విడివిడిగా లేస్తే అప్పుడు ఆలోచించాలి.

పది రూపాయల బిళ్లలో నడిమి ముక్క పక్కకు జరిగినట్టుంటే, రెండు లోహాల మీదుగా అచ్చు తెగకుండా సాగిందో లేదో చూడండి. తెగిపోయినా, చుట్టూ గీట్లున్నా ఎవరో ఊడదీసి మళ్లీ పెట్టినట్టే. ఇక బొగ్గు రైలు పట్టాల మీద పెట్టి సాగగొట్టిన బిళ్లలు మనలో చిన్నప్పుడు చూడనివారెవరు? పలచగా, పెద్దగా, బొమ్మ చెరిగి ఉంటుంది. దాన్నీ 'అరుదైన లోపం' అని అమ్మజూపేవాళ్లున్నారు.

లోపమే కానివీ చాలా ఉన్నాయి. ఏడాది అంకె కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు ఉంటే ముంబయి. ఏ గుర్తూ లేకపోతే 'గుర్తు తప్పిపోయిన నాణెం' కాదు, అది కోల్‌కతాది. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ నాణేలు లోపాలు కావు, మామూలు స్మారక నాణేలు. పది రూపాయల బిళ్లల్లో 14 రకాలున్నాయనీ, రూపాయి గుర్తు ఉన్నా లేకున్నా అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది.

అనుమానం తీరకపోతే బంగారం దుకాణంలో కాటా అడగండి. 2011 నుంచి వచ్చిన వరుసలో రెండు రూపాయల బిళ్ల 4.85 గ్రాములు, రూపాయి బిళ్ల 3.79 గ్రాములు. రూపాయి బిళ్ల మీద రెండు రూపాయల అచ్చు పడిందని ఎవరైనా అంటే, మాటకంటే ముందు తూకం చెప్పాలి.

"ఒక్క బిళ్లతో బతుకు మారితే తప్పేందన్నా?" అని మావాడు అడిగాడు. తప్పు లేదు. కానీ నిజమైన లోపాలకు కూడా ఎక్కువగా పలికేది వందలు, వేలు. లక్షలంటూ ముందే డబ్బు అడిగేవాడు కొనేవాడు కాదు. పాత నాణేల పేరుతో తమ పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, తాము అలాంటి వ్యవహారాల్లో లేమని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మావాడితో ఆ రోజే చేయించాం. ఇక లోపం 'తయారు' చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట: 2011 నాణేల చట్టం ప్రకారం నాణేలను కరిగించినా, ధ్వంసం చేసినా ఏడేళ్ల దాకా జైలు.

ఈ కంటికి అసలు విలువ వేరే చోట ఉంది. చర్లపల్లిలోని హైదరాబాద్ టంకశాలను నడిపే కేంద్ర సంస్థ ఐటీఐ చేసినవాళ్లను జూనియర్ టెక్నీషియన్లుగా తీసుకుంటుంది. చరిత్ర చదివేవాళ్లకు మన పక్కనే కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన గోబద, నారన, సమగోప, సిముకుల నాణేలు తెలంగాణ తొలి చరిత్రకే ఆధారాలయ్యాయి. ఆ చేతి అచ్చుల్లో బొమ్మ పక్కకు జరగడం మామూలు. దాన్ని లోపం అనుకునేవాడికి చరిత్ర అందదు. అన్నట్టు, భూమిలో నిధి దొరికితే అమ్ముకోకూడదు, కలెక్టరుకు తెలియజేయాలి. 1878 నుంచీ ఉన్న చట్టమిది.

మన ఐటీఐల్లో, డిగ్రీ కాలేజీల్లో ఏడాదికి ఒక్క పూట పిల్లలకు భూతద్దం, కాటా, గుప్పెడు చిల్లర ఇచ్చి కూర్చోబెట్టండి. వర్క్‌షాపులో రిటైరైన ఒక పెద్దమనిషిని పిలవండి. పాఠం ఆయనే చెబుతాడు.

మావాడు నాయనకు చెప్పేశాడు. తిట్లు పడ్డాయి, అన్నం కూడా పడింది. ఆ ఐదు రూపాయల బిళ్ల మాత్రం పర్సులోనే పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే, "ఎట్లయిందో అడగాల్నని యాదికుండనీకి" అన్నాడు.