చిన్నమాట ఎవరి జట్టు?



ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉత్తరం రాసింది. వాళ్ళ బడిలో ఆటల పోటీలు జరగవలసి ఉన్నాయి. పరుగుపందెంలో గెలవాలని ఆమె రోజూ తెల్లవారకముందే లేచి చెరువుగట్టు మీద పరుగెత్తేది. ఇంతలో ఒకనాడు నోటీసు బోర్డు మీద ఈ వాక్యం కనిపించింది: “ద స్పోర్ట్స్ డే హాజ్ బీన్ పుట్ ఆఫ్.”

పుట్ అంటే పెట్టటం. ఆఫ్ అంటే ఆర్పటం, లైటు ఆఫ్ చేసినట్టు. కనక పోటీలు లేవన్నమాట! అలా అనుకుని ఆమె పరుగు మానేసింది. తీరా చూస్తే పది రోజుల తరవాత పోటీలు జరగనే జరిగాయి. పందెంలో ఆమె అందరికన్నా వెనకపడిపోయింది. “రెండు మాటలూ నాకు తెలిసినవే గదా! మరి నేను ఎక్కడ పొరబడ్డాను?” అని అడుగుతున్నది.

అమ్మాయీ, ఇందులో నువ్వు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యటం. పూర్తిగా రద్దు చేస్తే కాల్ ఆఫ్ అంటారు. రెండింటిలోనూ ఆఫ్ ఉన్నది, కాని అర్థాలు వేరు. శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు 1755లో లండనులో గొప్ప ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించాడు. పరాయి దేశాలవాళ్ళకు ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనవి ఇటువంటి జంటలేనని ఆయన ఆ పుస్తకం ముందుమాటలో ఒప్పుకున్నాడు. కనక ఈ చిక్కు నీ ఒక్కదానిదే కాదు.

ఇంతకూ మన భాషలో మాత్రం ఇలాంటివి లేవా? “ఆయన నా మాట కొట్టిపారేశాడు” అంటే మీకు వెంటనే తెలుస్తుంది. కాని తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు దేన్నో కొట్టి, తరవాత పారేశారనుకుంటాడు. “డాక్టరుగారు చేతులెత్తేశారు” అంటే, పాపం, ఆయన కసరత్తు చేస్తున్నాడనుకుంటాడు! మాటలు విడివిడిగా ఉన్నప్పుడు ఒక అర్థం, జతపడినప్పుడు మరొక అర్థం. ఇది అన్ని భాషల్లోనూ జరిగేదే.

అయితే ఇంగ్లీషులో ఇంకొక తమాషా ఉన్నది. మనం “కొండ మీదికి”, “బల్ల కింద” అంటాం. మీదికి, కింద అనే చిన్నమాటలు పేరుకు వెనక నిలబడతాయి. ఇంగ్లీషులో చిన్నమాట పేరుకు ముందు నిలబడుతుంది: “హీ రాన్ అప్ ద హిల్”, అంటే అతను కొండ మీదికి పరుగెత్తాడు. ఈ వాక్యంలో అప్ ఎక్కడ ఉన్నదో చూడండి. దానికి ఇటుపక్క రాన్ అనే క్రియ, అటుపక్క హిల్ అనే పేరు. చిన్నమాట ఇద్దరి మధ్యా నిలబడింది. అది ఎవరి జట్టు?

ఇక్కడ అది పేరు జట్టు. ఎక్కడికి పరుగెత్తాడు? “అప్ ద హిల్”, కొండ మీదికి. ఇలా పేరు జట్టులో చేరిన చిన్నమాటను ప్రిపొజిషను అంటారు.

ఇప్పుడు దీన్ని చూడండి: “హీ లుక్డ్ అప్ ద వర్డ్.” అతను మాట మీదికి చూశాడా? కాదు. నిఘంటువులో ఆ మాట వెతికి చూశాడు. ఇక్కడ అప్ క్రియ జట్టులో చేరిపోయింది. ఇలా చేరిన చిన్నమాట ఆడ్వెర్బు, అంటే క్రియావిశేషణం. ఇలాంటి జంటలకు ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరును 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో వాడాడు. ఆ పేరే నిలిచిపోయింది.

పైకి ఈ రెండు వాక్యాలూ కవలపిల్లల్లా ఉన్నాయి. జట్టు తెలుసుకోవటం ఎలా? రెండు పరీక్షలు చెబుతాను.

మొదటి పరీక్ష: పేరు తీసేసి, దానికి బదులు ఇట్ అనే మాట పెట్టండి. “హీ రాన్ అప్ ఇట్.” అప్ తన చోటు వదల్లేదు. పేరు జట్టు గనక పేరుకు ముందే ఉన్నది. కాని రెండో వాక్యంలో “హీ లుక్డ్ ఇట్ అప్” అనాలి. “లుక్డ్ అప్ ఇట్” అంటే తప్పు. చిన్నమాట క్రియ జట్టుదైతే, ఇట్ వాళ్ళిద్దరి నడుమ దూరుతుంది.

రెండో పరీక్ష: క్విక్లీ అనే మాటను క్రియ వెనక పెట్టి చూడండి. క్విక్లీ అంటే త్వరగా. ఇదీ ఆడ్వెర్బే. “హీ రాన్ క్విక్లీ అప్ ద హిల్” అనవచ్చు. ఎందుకంటే రాన్ వేరు, “అప్ ద హిల్” వేరు, మధ్యలో చోటున్నది. “హీ లుక్డ్ క్విక్లీ అప్ ద వర్డ్” అని మాత్రం అనకూడదు. అక్కడ లుక్డ్, అప్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్నాయి. క్విక్లీని వాటి ముందు పెట్టి “హీ క్విక్లీ లుక్డ్ అప్ ద వర్డ్” అనాలి. లేదా వాక్యం చివర పెట్టాలి.

చిన్నమాట తరవాత అసలు పేరే లేకపోతే ఏ పరీక్షా అక్కరలేదు. “సిట్ డౌన్” అని మాస్టారు అంటారు. డౌన్‌కు క్రియ తప్ప వేరే తోడు లేదు. అది క్రియ జట్టే.

ఒక్కొక్కప్పుడు రెండు చిన్నమాటలు వరసగా వస్తాయి. “వీ పుట్ అప్ విత్ ద నాయిస్”, అంటే ఆ రొదను ఓర్చుకుంటాం. నాయిస్ బదులు ఇట్ పెడితే “వీ పుట్ అప్ విత్ ఇట్” అవుతుంది. విత్ పేరును వదల్లేదు. అప్ క్రియను వదల్లేదు. చెరొక జట్టులోనూ ఒకటి చేరి పంచుకున్నాయి.

అయితే ఒక జాగ్రత్త. ఈ పరీక్షలు చిన్నమాట చోటు చెబుతాయి గాని, అర్థం చెప్పవు. “లుక్ ఆఫ్టర్ యువర్ సిస్టర్” అంటే చెల్లెలి వెనక చూడమని కాదు, చెల్లెల్ని కనిపెట్టుకుని ఉండమని. ఇక్కడ అర్థం మారింది, కాని ఆఫ్టర్ చెల్లెలికి ముందే ఉంటుంది: “లుక్ ఆఫ్టర్ హెర్.” కాబట్టి అర్థం కోసం నిఘంటువు చూడవలసిందే. పుట్ అనే మాట తీసి, దాని అర్థాలు చదివి ఊరుకోకండి. అదే చోట కిందికి పోతే పుట్ ఆఫ్, పుట్ ఆన్, పుట్ అవుట్ అని విడివిడిగా ఉంటాయి. పుట్ ఆన్ అంటే బట్టలు తొడుక్కోవటం. పుట్ అవుట్ అంటే మంట ఆర్పటం. కొత్త జంట కనిపించినప్పుడల్లా ఒక వాక్యంతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. నెలకు పది జంటలు రాసుకున్నా ఏడాదికి 120 అవుతాయి.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలను మీరే పరీక్షించండి: “హీ టర్న్డ్ ఆఫ్ ద లైట్.” “హీ టర్న్డ్ ఆఫ్ ద రోడ్.” ఒకడు దీపం ఆర్పాడు, ఒకడు రోడ్డు నుంచి పక్కకు మళ్ళాడు. ఏ ఆఫ్ ఎవరి జట్టు? ఇట్ పెట్టి చూడండి. “టర్న్డ్ ఇట్ ఆఫ్” అని దీపాన్ని గురించి అంటారు, రోడ్డును గురించి అనరు. దీపం దగ్గర ఆఫ్ క్రియ జట్టు, రోడ్డు దగ్గర పేరు జట్టు. అంతే!

ఇక ఉత్తరం రాసిన అమ్మాయికి ఒక్క మాట. నోటీసు తప్పుగా చదివినందువల్ల ఈ ఏడు పందెం పోయింది. నీ కాళ్ళు ఎక్కడికీ పోలేదు, చెరువుగట్టూ ఎక్కడికీ పోలేదు. రేపు తెల్లవారుజామున లేచి మళ్ళీ పరుగు మొదలుపెట్టు. ఇంగ్లీషులో చెప్పాలంటే, “డోంట్ గివ్ అప్!” ఆ అప్ ఎవరి జట్టో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.