విలేఖరిని బందీ చేయరాదు

పత్రికా రచయితలు పరదేశమునకు పోయి వృత్తివిద్య నేర్చుట మేలైన పనియే. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయము 2005లో చైనా మీడియా కేంద్రమును స్థాపించినది. చైనా విద్యార్థులు బ్రిటన్‌లో జర్నలిజము చదువుచున్నారు. ఈ రాకపోకలను మేము స్వాగతించుచున్నాము. కాని పనిచేయుచోట రక్షణ లేనిచో నేర్చిన విద్యకు ఫలమేమి?

1967లో హాంకాంగ్‌లోని బ్రిటిష్ పాలకులు షిన్హువా వార్తాసంస్థ విలేఖరులను జైలులో పెట్టిరి. ప్రతీకారముగా చైనా ప్రభుత్వము రాయిటర్ విలేఖరి ఆంథొనీ గ్రేను బీజింగులోని ఆయన ఇంటనే రెండేండ్లకు పైగా నిర్బంధించినది. హాంకాంగ్ ఖైదీలు విడుదలైన పిదపనే, 1969 అక్టోబరులో, ఆయనకు విముక్తి లభించినది.

2021 ఫిబ్రవరిలో అదే తంతు మరల జరిగినది. లైసెన్సుదారు కంపెనీకి సంపాదక అధికారము లేదని బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, చైనా టెలివిజన్ సంస్థ సి.జి.టి.ఎన్. లైసెన్సును రద్దు చేసినది. వారము రోజులకే చైనా బి.బి.సి. వరల్డ్ న్యూస్‌ను నిషేధించినది. 2022 నవంబరులో షాంఘై నిరసనల వార్తలు సేకరించుచున్న తమ విలేఖరిని పోలీసులు నిర్బంధించి కొట్టిరని బి.బి.సి. తెలిపినది.

ఉత్తరములోని విషయము నచ్చలేదని పోస్టుమాన్‌ను శిక్షించుట న్యాయమా? విలేఖరియు శ్రామికుడే. ప్రభుత్వముల పంతములకు అతనిని బందీ చేయుట ఎవరు చేసినను తప్పే. ఉభయ దేశముల విద్యా మార్పిడి ఒప్పందములలో విలేఖరుల రక్షణయే మొదటి షరతు కావలెనని మా నిశ్చితాభిప్రాయము.